పాత లగ్జరీ కారు: కొనే ధర వేరు, మేపే ధర వేరు



"మూడు వేల పౌండ్లకే వోల్వో వస్తోందక్కా, ఏడు సీట్లు, తోలు సీట్లు, తీసేసుకోమంటావా?" ఈ ప్రశ్న మన గ్రూపులో ఈ ఏడాది ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. వోల్వో కాకపోతే బీఎండబ్ల్యూ, అదీ కాకపోతే ఆడీ, లెక్సస్. అడిగేవాళ్లలో ఎక్కువమంది ఇంగ్లండు వచ్చి రెండు మూడేళ్లయిన నర్సమ్మలు. ఇద్దరు పిల్లలు, వచ్చే వేసవికి అత్తమామలో అమ్మానాన్నలో ఆరు నెలల వీసా మీద రాబోతున్నారు, ఉన్న చిన్న కారులో ఆరుగురు పట్టరు. పెద్ద కారు కావాలనుకోవడంలో తప్పేముంది?

పైగా ఇంకో సంగతి కూడా ఉందని మనందరికీ తెలుసు. కారు కొనగానే ఫొటో ఊరికి వెళ్తుంది. చిన్న కారు పక్కన నిలబడి దిగిన ఫొటో చూసి "ఇండియాలో కూడా ఇదే ఉంది కదమ్మా" అనే మేనత్త ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ముందు భాగంలో పెద్ద గుర్తున్న కారైతే ఆ మాట రాదు. ఆ గుర్తుకి నెల నెలా ఎంత కడుతున్నామో మాత్రం ఫొటోలో కనబడదు.

అందుకే ఈసారి పాత లగ్జరీ క్రాసోవర్ల గురించి కాస్త వివరంగా రాస్తున్నాను. క్రాసోవర్ అంటే జీపులా ఎత్తుగా ఉండి కారులా మెత్తగా పోయే బండి. ఇది మగవాళ్ల విషయం అని పేజీ తిప్పేయకండి. ఆ డబ్బులో సగం పైన మన నైట్ డ్యూటీలదే.

ముందు అసలు సూత్రం చెప్పేస్తాను. కారు పాతబడితే కారు ధర పడిపోతుంది. దాని స్పేర్ పార్టుల ధర పడిపోదు, దాన్ని విప్పి బిగించే మనిషి గంట కూలీ అసలే పడిపోదు. కొత్తగా ఉన్నప్పుడు 30,000 పౌండ్లు దాటి అమ్మిన బండి ఇవాళ 3,000కి దొరికినా, దాని సస్పెన్షన్, గేర్‌బాక్స్, టర్బో అన్నీ ఆ 30,000 పౌండ్ల బండివే. విజయవాడ ఆటోనగర్‌లో అయితే పార్టుకి డబ్బవుతుంది, బిగించినందుకు ఇచ్చేది టీ నీళ్ల ఖర్చులాగే ఉంటుంది. ఇక్కడ తిరగబడి ఉంటుంది. చిన్న ప్రైవేటు గ్యారేజీలో గంటకి 60 నుంచి 100 పౌండ్లు, కంపెనీ షోరూములో దానికి రెట్టింపు. ఇరవై పౌండ్ల రబ్బరు ముక్క మార్చడానికి నాలుగు గంటలు విప్పాల్సి వస్తే బిల్లు ఎంతో మీరే లెక్కవేసుకోండి.

అందరూ అడిగే ఆ వోల్వో

మన గ్రూపులో ఎక్కువగా అడిగేది మొదటి తరం వోల్వో ఎక్స్‌సీ90 గురించి కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. 2002లో లోకానికి చూపించారు, 2014 దాకా తయారుచేశారు. స్వీడన్ బండి. ఇక్కడ అమ్మకానికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం అయిదు సిలిండర్ల డీజిల్ ఇంజనువే, వెనక డీ5 అని రాసి ఉంటుంది.

మంచి చెప్పకుండా చెడు చెప్పడం న్యాయం కాదు. కుటుంబానికి ఇంత ఆలోచించి కట్టిన బండి ఆ రోజుల్లో అరుదు. మూడో వరస నిజంగా కూర్చోగలిగేదే, పిల్లలకైతే హాయి. మధ్య వరస నడిమి సీటులో చాలావాటికి పిల్లల బూస్టర్ సీటు లోపలే మడిచి ఉంటుంది, బయటికి లాగితే చాలు. ఎక్కడానికి ఎత్తు గానీ మోకాళ్ల నొప్పులున్న అమ్మకి చిన్న కారులోకి వంగి దిగడం కన్నా ఇదే నయం. ఇంజను గట్టిది. శ్రద్ధగా చూసుకున్నవి రెండు లక్షల మైళ్లు దాటి తిరుగుతున్నాయి.

ఇక్కడ "శ్రద్ధగా చూసుకున్నవి" అన్న మాటే ముఖ్యం.

ఈ డీజిల్ ఇంజనులో టైమింగ్ బెల్టు అని రబ్బరు పట్టీ ఒకటి ఉంటుంది. అది తెగితే లోపలి వాల్వులు పిస్టన్లకి కొట్టుకుని ఇంజను అక్కడికక్కడే పాడవుతుంది. దాన్ని మార్చడానికి ఒక మైళ్ల గడువు, ఒక ఏళ్ల గడువు రెండూ ఉంటాయి, ఏది ముందొస్తే అది. చాలా మోడళ్లకి ఏళ్ల గడువు పది. ఆ సంవత్సరపు హ్యాండ్‌బుక్కులో రాసి ఉంటుంది. అమ్మేవాళ్లు "మైళ్లు చాలా తక్కువండీ, బెల్టుకి ఇంకా టైముంది" అంటారు. 2014తో తయారీ ఆగిపోయిన కారు అది. అంటే ఇవాళ అమ్మకానికున్న ప్రతి మొదటి తరం బండీ పదేళ్లు దాటిందే. కాబట్టి మైళ్లతో పనిలేదు. బెల్టు మార్చిన రసీదు, దాని మీద తేదీ, గ్యారేజీ పేరు ఉండాలి. రసీదు లేకపోతే మార్చలేదనే అనుకోండి, బేరంలో 500 నుంచి 700 పౌండ్లు తగ్గించి అడగండి, కొన్న వారంలోనే వాటర్ పంపుతో సహా మార్పించండి. పనిలో పనిగా పక్కనున్న ఆల్టర్నేటర్ బెల్టు, దాని పుల్లీ కూడా చూడమనండి. ఆ పుల్లీ పట్టేస్తే పక్క బెల్టు పీచులు పీచులుగా చీలి, ఆ పీచు టైమింగ్ బెల్టు కిందికి పోయి ఇంజను పోయిన సందర్భాలున్నాయి. చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టమంటారే, అలాంటి చోటు ఇది.

రెండోది నాలుగు చక్రాల పట్టు. మామూలుగా ముందు చక్రాలే లాగుతాయి, జారినప్పుడు వెనక చక్రాలకీ బలం వెళ్తుంది. ముందు నుంచి బలాన్ని వెనక్కి మళ్లించే గేరు పెట్టెలో పళ్లున్న ఒక చిన్న గొట్టం ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ పళ్లు అరిగిపోతాయి. వెనక వైపు దాన్ని నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టె కూడా పోతుంటుంది. మోసం ఎక్కడుందంటే, ఇది పోయినా బండి ఆగదు, ముందు చక్రాలతో చక్కగా నడుస్తుంది. అమ్మేవాడికి తెలిసినా చెప్పడు. తడిసిన గడ్డి మీదో, కంకర ఉన్న ఎత్తు మీదో ఒక్కసారి గట్టిగా కదిలించి చూడమనండి. ముందు చక్రాలు తిరిగేస్తూ వెనకవి ఊరుకుంటే అది పోయినట్టే. నాలుగు టైర్లూ ఒకే అరుగుదలలో ఉన్నాయా లేదా కూడా చూడండి. రెండు కొత్తవి, రెండు బోడివి ఉంటే ఈ వ్యవస్థ మీద భారం పడుతుంది.

మూడోది నీళ్లు. ఇంగ్లండులో వానకి కొదవా! పైన సన్‌రూఫ్ ఉన్న కార్లలో వాన నీరు కిందికి పోవడానికి మూలల్లో సన్నటి గొట్టాలుంటాయి. ఆకులూ మట్టీ చేరి అవి మూసుకుపోతే నీరు కారు లోపలికే దిగుతుంది. అద్దం కింద ఉండే కాలువదీ అదే కథ. తివాచీ కింద మందపాటి స్పాంజి ఉంటుంది కాబట్టి పైకి పొడిగానే కనబడుతుంది. ఈ కార్లలో ఎలక్ట్రానిక్ పెట్టెలు కింద భాగాల్లోనే ఉంటాయి. ఒకరోజు తాళం పనిచేయదు, ఒకరోజు లైట్లు వాటంతటవే వెలుగుతాయి, దయ్యం పట్టినట్టే. గొట్టం శుభ్రం చేయడానికి గంట పని, ఆ పెట్టె మార్చాలంటే వందల పౌండ్లు. కాబట్టి కారు చూడడానికి వెళ్లినప్పుడు మొహమాటపడకుండా ఫ్లోర్ మ్యాట్ ఎత్తి తివాచీని అరచేత్తో గట్టిగా నొక్కండి. చెయ్యి చల్లగా తగిలినా, ముక్కిన వాసన వచ్చినా ఇంటికి వచ్చేయండి. బేరం కూడా వద్దు. రంగు మెరుపు చూడ్డానికి మావాళ్లు అరగంట పెడతారు, ఈ పని మాత్రం ఎవరూ చేయరు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడు ముందు నుంచి "టక్" మని చప్పుడొస్తే కింది ఆర్మ్ బుష్షులు అరిగాయి, ఈ బరువుకి అవి ఎక్కువకాలం ఆగవు. ఇంజను లైటు వెలిగి బలం తగ్గితే చాలాసార్లు గాలి లోపలికి వెళ్లే దారిలో చిన్న తలుపుల్ని కదిలించే కడ్డీ ఊడిపోయి ఉంటుంది, కడ్డీ ఒక్కటే అయితే చవక, మొత్తం మార్చాలన్నారంటే రెండో మెకానిక్‌ని అడగండి. పార్కింగ్ బ్రేకు ఎడమ కాలితో తొక్కేది, వాడకపోతే తుప్పు పట్టి పట్టేస్తుంది. ఆటోమేటిక్ గేరు ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని అమ్మేవాళ్లు చెబుతారు, ఎవరి జీవితాంతమో అడగండి. మార్చిన రసీదున్న కారుకి రెండొందలు ఎక్కువిచ్చినా నష్టం లేదు. గేరు మారేటప్పుడు వెనకనుంచి ఎవరో తన్నినట్టుంటే ఆ కారు వదిలేయండి.

మూడు మైళ్ల దూరానికి డీజిల్ కారు

ఇప్పుడు నర్సులకి ప్రత్యేకంగా చెప్పాల్సిన సంగతి. నా దృష్టిలో పైన చెప్పినవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక్కటీ ఒక ఎత్తు.

2006 ప్రాంతం తర్వాత వచ్చిన పెద్ద డీజిల్ బళ్లలో చాలావాటికి, 2010 తర్వాత వచ్చినవాటిలో దాదాపు అన్నిటికీ పొగ గొట్టంలో డీపీఎఫ్ అనే ఫిల్టరు ఉంటుంది. పొగలోని మసిని పట్టి ఉంచుతుంది. మన వంటింటి చిమ్నీ జాలీ లాంటిదే, నిండితే శుభ్రం చేయాలి. దీన్ని చేత్తో కడగం, బండే తనంతట తాను ఆ మసిని కాల్చేసుకుంటుంది. కాలాలంటే పొగ గొట్టం బాగా వేడెక్కాలి. అంటే 40 మైళ్లకి తగ్గని వేగంతో పదిహేను ఇరవై నిమిషాలు ఆగకుండా పోవాలి. మరి మనం? ఇంటి నుంచి ఆసుపత్రికి మూడు మైళ్లు, మధ్యలో ఆరు సిగ్నళ్లు, ఒక స్కూలు. ఇంజను వేడెక్కేలోపే పార్కింగులో ఆపేస్తాం. పన్నెండున్నర గంటలు చల్లారాక మళ్లీ మూడు మైళ్లు. మసి చేరుతుందే గానీ కాలదు. కాల్చబోయి మధ్యలో ఆగినప్పుడల్లా కాలని డీజిల్ కొంత ఇంజను ఆయిల్లోకి దిగి ఆయిల్‌ని పలచన చేస్తుంది. ఒకరోజు లైటు వెలుగుతుంది, బండి బలం తగ్గించుకుని కుంటుతుంది.

మనలోనే ఒకమ్మాయి ఉంది. పేరొద్దు, ఊరొద్దు, కారు పేరూ వద్దు. 4,200 పౌండ్లు పెట్టి ఇలాంటి పెద్ద డీజిల్ బండి తీసుకున్నారు. నడిపేది ఆ అమ్మాయే, రానూ పోనూ ఆరు మైళ్లు. నాలుగో నెలలో లైటు వెలిగింది. గ్యారేజీలో ఫిల్టరు శుభ్రం చేసి మూడొందలు తీసుకున్నారు. ఎందుకు నిండిందో, రోజూ ఎంత దూరం నడుపుతున్నావో ఎవరూ అడగలేదు. మూడు నెలలకి మళ్లీ అదే. ఆ తర్వాత టర్బో. పద్నాలుగు నెలల్లో మరమ్మతులకే 2,900 పౌండ్లు. నైట్ డ్యూటీకి వెళ్తూ చీకట్లో, చలిలో రెండుసార్లు రోడ్డు పక్కన నిలబడింది. వార్డులో ఆ రాత్రి ఒక మనిషి తక్కువైతే మిగతావాళ్ల గతి ఏమిటో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ డబ్బంతా ఐఎల్ఆర్ దరఖాస్తు కోసం పక్కన పెట్టుకున్నది. చివరికి ఆయన దరఖాస్తు ఫీజుకి నల్గొండ నుంచి మామగారు డబ్బు పంపారు. ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లాల్సిన డబ్బు అక్కడి నుంచి ఇక్కడికి వచ్చింది. ఇప్పుడు చిన్న పెట్రోలు కారు నడుపుతోంది, రాత్రి ఏడింటికి తాళం తిప్పితే కదులుతుంది, అంతకన్నా నాకేం కావాలంటుంది.

కాబట్టి రోజూ దూరం పోని వాళ్లకి డీజిల్ వద్దే వద్దు. వారానికి ఒకసారైనా అరగంట మోటర్‌వే మీద పోయే పని ఉన్నవాళ్లు ఆలోచించవచ్చు. "ఆ ఫిల్టరు తీసేశామండీ, ఇక బాధే లేదు" అని ఎవరైనా చెబితే అది గొప్ప కాదు. ఫిల్టరుతో వచ్చిన కారుకి ఫిల్టరు లేకపోతే 2014 నుంచి ఎంఓటీ ఫెయిల్.

లండన్లో ఉన్నవాళ్లకి ఇంకో పోటు. యూలెజ్ 2023 ఆగస్టు 29 నుంచి లండన్ అన్ని బరోలకీ వర్తిస్తోంది. డీజిల్ అయితే యూరో 6, పెట్రోలు అయితే యూరో 4 ప్రమాణం ఉండాలి, లేకపోతే రోజుకి 12.50 పౌండ్లు. మొదటి తరం ఎక్స్‌సీ90 డీజిల్ ఏదీ దీన్ని దాటదు. ఇక్కడ రోజు అంటే అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా. సోమవారం సాయంత్రం వెళ్లి మంగళవారం పొద్దున తిరిగొస్తే రెండు రోజుల రుసుము. వరసగా మూడు నైట్లు చేస్తే సోమ, మంగళ, బుధ, గురు, నాలుగు రోజులకి 50 పౌండ్లు. డే డ్యూటీ చేసే ఆవిడకి మూడు రోజులకి 37.50. నైట్ అలవెన్సులో కొంత ఇలాగే పోతుంది. బర్మింగ్‌హామ్ ఊరి నడిబొడ్డున కూడా ఇలాంటి జోన్ ఉంది, అక్కడ కార్లకి రోజుకి 8 పౌండ్లు. కారు నంబరు కొట్టి చూస్తే కట్టాలో వద్దో ప్రభుత్వ వెబ్‌సైటే చెబుతుంది. కొనకముందు చూడండి.

రోడ్ టాక్స్‌లో ఒక తిరకాసు

2001 మార్చి నుంచి 2017 మార్చి దాకా రిజిస్టరైన కార్లకి పన్ను అవి వదిలే కార్బన్ డయాక్సైడ్‌ని బట్టి ఉంటుంది. కిలోమీటరుకి 225 గ్రాములు దాటితే పై రెండు శ్లాబుల్లో పడుతుంది, ఏడాదికి 700 పౌండ్లు దాటింది ఇప్పుడు. 2006 మార్చి 23కి ముందు రిజిస్టరైన కార్లకి మాత్రం ఎంత వదిలినా ఆ కింది శ్లాబే, నాలుగొందల పైచిలుకు. అంటే ఒకే మోడల్, ఒకే రంగు, పక్కపక్క నెలల్లో కొన్న రెండు కార్లు, పన్నులో ఏడాదికి మూడొందల తేడా. పాతదానికే తక్కువ! '55' ప్లేటు దాకా నిశ్చింత. '06' ప్లేటు అయితే లాగ్ బుక్కులో మొదటి రిజిస్ట్రేషన్ తేదీ చూడాలి. తర్వాత్తర్వాత వచ్చిన డీజిల్ బళ్లు 225 లోపలికి దిగాయి, వాటికీ కింది శ్లాబే. లాగ్ బుక్కులో ఆ గ్రాముల అంకె ఉంటుంది.

అమ్మేవాడు కట్టిన పన్ను మీకు రాదు, 2014 అక్టోబరు నుంచి అది కారుతో పాటు చేతులు మారదు. మీ పేరు మీద పన్ను కట్టాకే రోడ్డెక్కించాలి.

ఇన్సూరెన్సు సంగతి ఇంకా ముందే చూసుకోవాలి. ఇక్కడి లైసెన్సు వచ్చి ఏడాది కూడా కాని మనకి చిన్న కారుకే వెయ్యి దాటి అడుగుతున్నారు. కార్లని 1 నుంచి 50 దాకా గ్రూపులు చేస్తారు, ఇలాంటి బళ్లు పై చివరలోనే ఉంటాయి. అడ్వాన్సు ఇవ్వకముందే ఆ కారు నంబరుతో కొటేషన్ తీసుకోండి. కమ్యూనిటీ నర్సులైతే ఇంకో మాట. పేషెంట్ల ఇళ్లకి తిరగడం 'ఇంటి నుంచి ఆఫీసుకి' కిందికి రాదు, బిజినెస్ యూజ్ అని విడిగా చేర్చుకోవాలి. అది లేకుండా దారిలో ప్రమాదం జరిగితే క్లెయిము చిక్కుల్లో పడుతుంది.

ఇప్పుడు మొత్తం కూడదాం. 3,000 పౌండ్లకి కొన్న 2008 నాటి డీజిల్ ఆటోమేటిక్, ఏడాదికి 6,000 మైళ్లు. గాలనుకి 30 మైళ్లు ఇస్తే 200 గాలన్లు, అంటే 909 లీటర్లు. లీటరు 1.40 అనుకుంటే 1,270 పౌండ్లు. పన్ను 700. సర్వీసు 300. ఎంఓటీ 55. టైర్లు ఏడాదికి రెండు చొప్పున 250. మరమ్మతులకి నెలకి 100 పక్కన పెడితే 1,200. ఇన్సూరెన్సు కలపకుండానే దాదాపు 3,800. కారు కొన్న ధర కన్నా ఎక్కువ, అదీ ఏటేటా. ఆ నెలకి 100 పౌండ్లు పిసినారితనంగా వేసిన అంకె కాదు, భయపెట్టడానికి వేసిందీ కాదు. ఒక ఏడు మిగులుతుంది, ఇంకో ఏడు గేర్‌బాక్స్ వచ్చి రెండేళ్లదీ తినేస్తుంది.

మరి వేరేవి?

లెక్సస్ ఆర్ఎక్స్ హైబ్రిడ్ గురించి అడుగుతున్నారు. నాకైతే ఈ గుంపులో అదే నచ్చుతుంది. పెట్రోలు కాబట్టి ఆ మసి ఫిల్టరు గొడవ లేదు, యూలెజ్ బాధ లేదు, 2009 తర్వాత వచ్చిన 450 హెచ్‌కి రోడ్ టాక్స్ రెండొందల చిల్లరే. కానీ అయిదు సీట్లే, అత్తమామలొస్తే ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి. ఇంకోటి, హైబ్రిడ్ కార్ల కింద ఉండే కాటలిటిక్ కన్వర్టర్ని దొంగలు కోసుకుపోతారు, ఇందులో ఆర్ఎక్స్ వాళ్లకి ఇష్టమైన బండి. రాత్రంతా ఆసుపత్రి స్టాఫ్ పార్కింగులో ఉంచేవాళ్లు దానికి ఇనుప కవచం బిగించుకోవాలి. బ్యాటరీ పరీక్ష చేయించిన కాగితం అడగండి.

బీఎండబ్ల్యూ ఎక్స్5 నడపడానికి వీటన్నిటికన్నా సరదాగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ 2010 ప్రాంతపు ఆరు సిలిండర్ల డీజిల్లో టైమింగ్ చైను ఇంజను వెనక వైపు, గేర్‌బాక్స్ పక్కన ఉంటుంది. దాన్ని ముట్టుకోవాలంటే బండిలో సగం విప్పాలి. పైగా ఈజీఆర్ కూలర్ లీకై మంటలు రేగే ప్రమాదం ఉందని ఆ కంపెనీ 2018లో ఎన్నో డీజిల్ కార్లని వెనక్కి పిలిపించింది. మీరు చూస్తున్న కారుకి ఆ పని జరిగిందో లేదో నంబరు కొడితే ప్రభుత్వ రీకాల్ పేజీలో తెలుస్తుంది. అది ఉచితం.

చూడ్డానికి వెళ్లే ముందు, వెళ్లాక

ఎంఓటీ చరిత్ర కూడా ఉచితమే. కారు నంబరు ఒక్కటి చాలు, 2005 నుంచి ఉన్న పరీక్షలన్నీ వస్తాయి. పేషెంటు పాత కేస్ షీటు చదివినట్టు చదవండి. మైళ్లు ఏటేటా పెరుగుతున్నాయా, మధ్యలో ఎక్కడైనా తగ్గాయా? ఫెయిలైనవాటి కన్నా కింద 'అడ్వైజరీ' అని రాసినవి ముఖ్యం. ఒకే ఆయిల్ లీకు, ఒకే బుష్షు మూడేళ్లు వరసగా కనబడితే ఆ యజమాని పాస్ మార్కులకి సరిపడా ఖర్చే పెట్టాడని అర్థం. అలాంటివాడు కనబడని గేరు ఆయిల్ మార్చి ఉంటాడా? ఇంకో సంగతి, ఎంఓటీ పాస్ అంటే బండి ఆరోగ్యంగా ఉందని కాదు. ఇంజను, క్లచ్, గేర్‌బాక్స్ ఆరోగ్యం వాళ్లు చూడనే చూడరు.

వెళ్లేముందు ఫోను చేసి "మేమొచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఎందుకు వేడెక్కించారో అడగండి. చల్లటి ఇంజను మొదటి నిమిషంలో చేసే చప్పుడూ, వదిలే పొగా నిజం చెబుతాయి. తాళాలు రెండున్నాయా చూడండి, రెండోది చేయించాలంటే రెండొందలు దాటుతుంది. లాగ్ బుక్కులో పేరు, అడ్రసు మీరు నిలబడ్డ ఇంటివేనా? కారు మీద లోను బాకీ ఉందో లేదో డబ్బు కట్టి చెక్ చేయించండి, పది ఇరవై పౌండ్లే. బాకీ ఉన్న కారు కొంటే ఫైనాన్సు కంపెనీ వచ్చి తీసుకుపోవచ్చు.

మనిషి దగ్గర కొంటే చవక, డీలరు దగ్గర కొంటే కాస్త ఎక్కువ. ఆ ఎక్కువకి ఒక విలువ ఉంది. 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం డీలరు దగ్గర కొన్న కారులో లోపముంటే 30 రోజుల లోపు తిప్పి ఇచ్చేసి డబ్బు వెనక్కి అడగవచ్చు. ఆరు నెలల లోపు బయటపడితే ముందు బాగుచేసి ఇమ్మని అడగవచ్చు. 'సోల్డ్ యాజ్ సీన్' అని రసీదు మీద రాసినంత మాత్రాన డీలరు దీన్నుంచి తప్పించుకోలేడు. పాత బండికి సహజమైన అరుగుదల మాత్రం లోపం కిందికి రాదు. మామూలు మనిషి దగ్గర కొంటే ఈ రక్షణ లేదు, ప్రకటనలో చెప్పినట్టు ఉందా లేదా అంతే. డీలరుకి అడ్వాన్సు ఎంత చిన్నదైనా క్రెడిట్ కార్డు మీద ఇవ్వండి. కారు ధర 100 దాటి 30,000 పౌండ్ల లోపు ఉంటే, గొడవ వచ్చినప్పుడు కార్డు కంపెనీ కూడా బాధ్యత పడాల్సి ఉంటుంది.

ఇప్పటికే కొనేసి ఇది చదువుతున్నవాళ్లు కంగారు పడకండి. నడుస్తుంటే నడపండి. నెలకోసారి ఆయిల్ చూసుకోండి, శరదృతువులో ఆకులు రాలగానే సన్‌రూఫ్ గొట్టాలు శుభ్రం చేయించండి, షోరూముకి కాకుండా ఆ కంపెనీ కార్లే చేసే చిన్న గ్యారేజీని పట్టుకోండి. పెద్ద మరమ్మతు వచ్చినప్పుడు "ఇంత పెట్టాం కదా, ఇంకో వెయ్యి పెడదాం" అని లెక్కవేయకండి. ఇవాళ ఈ కారుని ఇలాగే అమ్మితే ఎంతొస్తుంది, బాగుచేసి అమ్మితే ఎంతొస్తుంది, ఆ తేడా బిల్లు కన్నా తక్కువైతే ఇలాగే అమ్మేయడం మేలు. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్నట్టు ధర తక్కువే పలుకుతుంది, నిజమే. అమ్మిన రోజే లాగ్ బుక్కు వివరాలు ఆన్‌లైన్లో మార్చండి. లేకపోతే కొన్నవాడి కెమెరా ఫైన్లు మీ ఇంటికి వస్తాయి. అది చేస్తే మిగిలిన పూర్తి నెలల రోడ్ టాక్స్ అడగకుండానే తిరిగి వస్తుంది.